కళ్ళజోడు, హెల్మెట్ రెండూ కలిసి సర్దుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు పదో తరగతిలో సైటు వచ్చింది. ఇప్పుడు రెండు కళ్ళకూ మైనస్ 5 దాటింది. కళ్ళజోడు లేకుండా బండి తీయలేను, హెల్మెట్ లేకుండా తీయను. హైదరాబాదు ట్రాఫిక్‌లో రోజూ గంటన్నర బండి మీదే గడిచేవాణ్ణి కాబట్టి ఈ రెండూ ఒకే తల మీద పోట్లాడుకుంటే ఎలా ఉంటుందో బాగా తెలుసు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. హెల్మెట్ పెట్టుకుని కళ్ళజోడు చొక్కా జేబులో వేసుకున్నవాళ్ళు కొందరు, కళ్ళజోడు పెట్టుకుని హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నవాళ్ళు కొందరు. ఎందుకని అడిగితే ఇద్దరూ చెప్పేది ఒకటే: "రెండూ పెట్టుకుంటే నొప్పండీ." ఆ నొప్పి తగ్గించుకోవచ్చు. పార్కింగులోనూ ఆఫీసు క్యాంటీన్‌లోనూ నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

హెల్మెట్ పెట్టుకున్న అరగంటకే కణతలు నొప్పి పుడుతున్నాయి. ఎందుకు?

హెల్మెట్ లోపలి మెత్త తలను ఎక్కడా గుచ్చదు. చెంప, కణత అంతటా సమానంగా ఒత్తుతుంది. మధ్యలోకి కళ్ళజోడు కాడ దూరితే ఆ ఒత్తిడంతా అగ్గిపుల్లంత వెడల్పున్న గీత మీదికి చేరుతుంది. కణత దగ్గర, చెవి ముందు నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడే ముందు నొప్పి మొదలవుతుంది. తలనొప్పుల వైద్య వర్గీకరణలో బయటి ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పి అని దీనికి విడిగా చోటుంది. ఒత్తిడి మొదలైన గంటలోపే వస్తుంది, అది తీసేసిన గంటలోపే పోతుంది. హెల్మెట్ తీసి పూట గడిచినా నొప్పి తగ్గకపోతే కారణం మరేదో ఉంది, డాక్టరుకు చూపించుకోవాలి.

కారణం తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. కళ్ళజోడు తీసేసి, ఉత్త హెల్మెట్ పెట్టుకుని అరగంట కూర్చోండి. అప్పుడూ నొప్పి పెడితే తప్పు హెల్మెట్ సైజుదో ఆకారానిదో. నొప్పి లేకపోతే కళ్ళజోడుతో ఇంకో అరగంట ఉండి, తీసిన వెంటనే అద్దంలో చూసుకోండి. ఎర్రగీత ఎక్కడ పడిందో అదే మీకు జవాబు. కణత మీద పడితే హెల్మెట్ ఆ చోట బిగుతుగా ఉందన్నమాట. చెవి పైన పడితే కాడ లావుది. చెవి వెనక పడితే కాడ కొన మరీ వంగి ఉంది. మూడింటికీ మందులు వేరు. చాలామంది ఇది చూసుకోకుండానే ఒకదాని తర్వాత ఒకటి హెల్మెట్లు మార్చి డబ్బు వృథా చేసుకుంటారు.

ఒక సైజు పెద్ద హెల్మెట్ కొంటే సరిపోదా?

వద్దు. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. వదులు హెల్మెట్ పడినప్పుడు తల మీద తిరిగిపోతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. హెల్మెట్ అసలు అవసరం పడేది పడ్డాక, తల రోడ్డుకు తగిలేటప్పుడు. ఆ సమయానికి అది తల మీద ఉండకపోతే కొన్నదెందుకు?

సైజు చూసుకోవడానికి దర్జీ టేపు చాలు. కనుబొమలకు అంగుళం పైనుంచి, తల వెనక బాగా ఎత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టు కొలవండి. మన దగ్గర దొరికే హెల్మెట్ల మీద 560, 580, 600 అని ఉండేవి ఆ చుట్టుకొలత మిల్లీమీటర్లే. పెట్టుకుని, పట్టీ బిగించి, తల అటూ ఇటూ ఊపండి. చెంపల చర్మం హెల్మెట్‌తో పాటే కదలాలి. వెనకనుంచి అంచు పట్టుకుని ముందుకు ఎత్తితే నుదుటి మీదికి జారి ఊడిరాకూడదు. కొత్త హెల్మెట్ చెంపల దగ్గర కాస్త బిగుతుగానే ఉండాలి, కొన్ని వారాల వాడకంతో అక్కడి మెత్త అణుగుతుంది. బిగుతు చెంపల దగ్గరే ఉంటే కొన్ని మోడళ్ళకు పలుచని చెంప ప్యాడ్లు విడిగా అమ్ముతారు, అవి వేయించుకోండి. నుదుటి దగ్గరో కణతల దగ్గరో బిగుతుగా ఉంటే మాత్రం ప్యాడ్లతో పని కాదు, ఆ హెల్మెట్ ఆకారం మీ తలది కాదు. కొందరి తల పైనుంచి చూస్తే గుండ్రం, కొందరిది ముందువెనకలకు పొడవు. ఒకే సైజులో రెండు కంపెనీల హెల్మెట్లు పెట్టుకుని చూస్తే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

లోపలి థర్మాకోల్‌ను కాడ పట్టేంత చెక్కేసుకుంటే?

ఒకాయన చాకుతో చెక్కుకుని ఎంతో సంతోషంగా తెచ్చి చూపించాడు. నాకు గుండె జారింది. మనం థర్మాకోల్ అనే ఆ తెల్లని పొరే హెల్మెట్ ప్రాణం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగే వేగాన్ని తగ్గిస్తుంది. చెక్కిన చోట, వేలితో గట్టిగా నొక్కి గుంట చేసిన చోట ఆ పని జరగదు. గుడ్డ, స్పాంజి ప్యాడ్లను సర్దుకోండి, మార్చుకోండి. తెల్లపొర జోలికి మాత్రం పోకండి.

కొత్త హెల్మెట్ కొనేటప్పుడు కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఏం చూడాలి?

రోజూ పెట్టుకునే కళ్ళజోడుతోనే షాపుకు వెళ్ళండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునో, పాత ఫ్రేముతోనో వెళ్తే అక్కడ బాగానే ఉంటుంది, ఇంటికొచ్చాక బాధ మొదలవుతుంది. పెట్టుకుని రెండు నిమిషాలకే తీసేయకండి. పావుగంట అలాగే ఉండి ధరలు మాట్లాడుకోండి, రంగులు చూడండి. షాపతను ఏమనుకుంటాడోనన్న మొహమాటం వద్దు. ఇది మూడేళ్ళు, నాలుగేళ్ళు మీ తల మీద ఉండే వస్తువు.

లోపలి మెత్తలో, కంటి పక్కనుంచి చెవి వైపుకు కాడ కోసం గాడి ఉందేమో వేలితో తడిమి చూడండి. కొన్ని మోడళ్ళలో చెంప ప్యాడు పైఅంచు దగ్గర మెత్త పలుచగా వదిలేసి ఉంటుంది. కళ్ళజోడు వాళ్ళకు దానికి మించిన సౌకర్యం లేదు. లోపలినుంచి దిగే నల్ల వైజర్, అంటే కళ్ళ ముందుకు వచ్చే అద్దం, ఉంటే దాన్ని కిందికి లాగి, అది ఫ్రేముకు తగులుతుందేమో చూడాలి. పెద్ద ఫ్రేములకు తరచుగా తగులుతుంది. ఫ్రేము ముక్కు మీదికి దిగిపోవడం, అద్దాల మీద గీతలు పడడం అక్కడే మొదలవుతాయి.

గడ్డం భాగం పైకి లేచే హెల్మెట్లు కళ్ళజోడు వాళ్ళకు చాలా సుఖం. పెట్రోల్ బంకులో, టోల్‌గేటు దగ్గర గడ్డం ఎత్తి కళ్ళజోడు సర్దుకోవచ్చు. కాకపోతే బరువు కొంచెం ఎక్కువ. అది లేచి ఉండగా బండి నడపకండి. సగం తలనే కప్పే టోపీ హెల్మెట్లు కళ్ళజోడుకు అడ్డం రావన్నది నిజమే. కానీ అవి ముఖాన్నీ గడ్డాన్నీ కాపాడవు కాబట్టి నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 4151 అన్న అంకె ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్లు తయారుచేయడం, అమ్మడం మన దేశంలో నేరం. రోడ్డు పక్క గుట్టలుగా పోసి అమ్మేవాటిలో స్టిక్కరు మాత్రమే ఐఎస్ఐది, లోపల థర్మాకోలే లేనివి నేను చేత్తో పట్టుకుని చూశాను.

ముందు కళ్ళజోడు పెట్టుకోవాలా, ముందు హెల్మెటా?

ముందు హెల్మెట్. తీసేటప్పుడు ముందు కళ్ళజోడు. ఎన్ని తొందరల్లో ఉన్నా ఈ వరస తప్పకూడదు. పట్టీలు రెండూ పక్కలకు లాగి హెల్మెట్ దించుకోండి, చెవులు లోపల మడతపడకుండా వేలితో సర్దుకోండి, వైజర్ ఎత్తండి. ఇప్పుడు కళ్ళజోడు రెండు కాడలనూ సమాంతరంగా పట్టుకుని, కణత మీదుగా కొంచెం పైకి చూపిస్తూ మెల్లగా లోపలికి తోయండి. కాడ చెవి పైఅంచుకూ ప్యాడుకూ మధ్యలోంచి పోవాలి. ఎక్కడైనా ఆగితే బలం పెట్టకండి. వెనక్కి లాగి, ఒక గీత పైకి ఎత్తి మళ్ళీ తోయండి. వారం రోజులకు చెయ్యే దారి కనుక్కుంటుంది.

ఒకసారి వానలో ఇంటికి చేరి, కళ్ళజోడు తీయకుండానే హెల్మెట్ లాగేశాను. కుడి కాడ దగ్గర కీలు విరిగి చేతికి వచ్చింది. ఆ రాత్రి నుంచి కొత్త జోడు వచ్చేదాకా నాలుగు రోజులు బస్సులోనే తిరిగాను. అప్పటి నుంచి ఇంట్లో ఒక పాత జోడు సిద్ధంగా ఉంచుకుంటున్నాను.

ఎలాంటి ఫ్రేము హాయిగా ఉంటుంది?

కాడ చూసి ఎంచుకోండి, ముందు భాగం తర్వాత చూడవచ్చు. పలుచగా, చదునుగా, వీలైనంత తిన్నగా ఉండే కాడ కావాలి. మందపాటి ప్లాస్టిక్ (షెల్) ఫ్రేములు చూడ్డానికి బాగుంటాయి గానీ హెల్మెట్‌లో అవి వెదురుబద్దల్లా ఒత్తుతాయి. టైటానియం కాడలు సన్నగా ఉండి గట్టిగా నిలుస్తాయి. టీఆర్-90 అనే మెత్తని నైలాన్ రకం వంగుతుంది, తొందరగా విరగదు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కీలు దగ్గర స్ప్రింగు ఉంటే తోసేటప్పుడు, తీసేటప్పుడు కాడ మీద బలం పడదు. చెవి చుట్టూ కొక్కెంలా తిరిగే కాడలు హెల్మెట్ లోపలికి పోనేపోవు. రిమ్ లేని జోళ్ళు స్క్రూల దగ్గర త్వరగా వదులవుతాయి.

ఉన్న ఫ్రేమునే సర్దించుకోవచ్చని చాలామందికి తెలియదు. కళ్ళజోళ్ళ షాపులో వేడిగాలి యంత్రంతో ప్లాస్టిక్ కాడను మెత్తబరిచి వంపు మారుస్తారు. "హెల్మెట్‌లో చెవి వెనక గుచ్చుకుంటోంది, కొన కొంచెం తిన్నగా చేయండి" అని అడగండి. తెలిసిన షాపైతే చాలాసార్లు డబ్బు కూడా తీసుకోరు. వెళ్ళేటప్పుడు హెల్మెట్ వెంట తీసుకెళ్ళండి, అక్కడే పెట్టుకుని చూసుకోవచ్చు. ఇంట్లో కొవ్వొత్తి మీద పెట్టి వంచే ప్రయత్నం మాత్రం వద్దు.

అద్దాలు ఏ రకంవి వేయించాలి?

బండి మీద పెట్టుకునే జోడులో అసలైన గాజు అద్దాలు ఉండకూడదు. పగిలితే ముక్కలు కంట్లోకే పోతాయి. పాలీకార్బొనేట్ దెబ్బకు తట్టుకుంటుంది, తేలిక, పైగా మామూలు ప్లాస్టిక్ కంటే పలుచన. పవర్ ఎక్కువున్నవాళ్ళకు ఈ పలుచదనం హెల్మెట్ లోపల బాగా ఉపయోగపడుతుంది. దానికి గీతలు త్వరగా పడతాయి కాబట్టి గట్టి పూత తప్పదు. రాత్రి ఎదురు లైట్ల మెరుపు తగ్గించే పూత కూడా వేయించుకోండి.

కళ్ళజోడు ఉందిగా అని వైజర్ ఎత్తి నడిపేవాళ్ళకు ఒక మాట. సాయంత్రం చెరువుగట్ల పక్కనుంచి, పొలాల మధ్యనుంచి పోతుంటే పురుగులు అద్దం పక్కసందులోంచి వచ్చి కంట్లో పడతాయి. వైజర్ చేసే పని కళ్ళజోడు చేయలేదు.

వానాకాలంలో, పొద్దున్నే బయల్దేరినప్పుడు అద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనపడదు. ఏం చేయాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. మన ఊపిరి వెచ్చగా, తేమగా ఉంటుంది. అది చల్లని అద్దానికి తగిలితే సన్నని నీటి బొట్లవుతుంది. బండి కదులుతుంటే గాలి వాటిని లాగేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగీ ఆగగానే లోకం తెల్లబడిపోతుంది. లంబసింగి, అరకు దారిలో శీతాకాలం పొద్దున, ఆదిలాబాద్ వైపు డిసెంబరులో ఇది మరీ ఎక్కువ. విజయవాడ, విశాఖలాంటి ఉక్క ఊళ్ళలో తిరగేసి జరుగుతుంది. ఏసీ గదిలో చల్లబడిన కళ్ళజోడుతో బయటికి రాగానే బయటి తేమే దానికి పడుతుంది. అలాంటప్పుడు రెండు నిమిషాలు నీడలో నిలబడి, అద్దాలు బయటి వేడికి చేరాక బయల్దేరితే చాలు.

మీకు ఆవిరి పడుతున్నది వైజర్‌కా, కళ్ళజోడుకా? ముందు అది గమనించండి. వైజర్ లోపల అతికించే పిన్‌లాక్ అనే రెండో పొర చాలా మంచిది. రెండు పొరల మధ్య చిక్కుకున్న గాలి లోపలి పొరను చల్లబడనివ్వదు. కానీ అది కాపాడేది వైజర్‌ను మాత్రమే. పిన్‌లాక్ వేయించాక కూడా కళ్ళజోడు మసకబారుతోందని నిరాశపడినవాళ్ళను చూశాను.

కళ్ళజోడుకు మందు ఊపిరి దారి మళ్ళించడమే. హెల్మెట్ లోపల ముక్కు మీదికి వచ్చే చిన్న తొడుగు ఒకటి ఉంటుంది. దాన్ని ముక్కుకు ఆనేలా సర్దితే ఊపిరి కిందికి పోతుంది. కొందరు అది అడ్డమని పీకి పారేస్తారు, దయచేసి తిరిగి పెట్టుకోండి. గడ్డం దగ్గరి గాలి రంధ్రం, నుదుటి పైనది తెరిచి ఉంచండి. ఆగినప్పుడు వైజర్ ఒక్క మెట్టు ఎత్తండి, కదలగానే దించండి. మాస్కు వాడేవాళ్ళు ముక్కు దగ్గర తీగ ఉన్నదే వాడి, దాన్ని గట్టిగా నొక్కుకోవాలి.

ఇంటి చిట్కా కూడా ఒకటి పనిచేస్తుంది. వేలి మీద ఒక చుక్క పిల్లల షాంపూ తీసుకుని తడి అద్దానికి రెండు వైపులా రాసి, లేతగా కడిగి, తుడవకుండా ఆరనివ్వండి. మిగిలే సన్నని పొర వల్ల నీరు బొట్లు కట్టకుండా పలుచగా పరుచుకుంటుంది. ఒకటి రెండు రోజులు ఆగుతుంది. నిమ్మరసం, వెనిగర్, స్పిరిట్ కలిసినవి పూతను పాడుచేస్తాయి. టూత్‌పేస్టు, బంగాళదుంప ముక్క జోలికి పోకండి. టూత్‌పేస్టులో గరుకు పొడి ఉంటుంది, అద్దానికి శాశ్వతంగా గీతలు పడతాయి.

ఎండకు నల్లబడే అద్దాలు వేయించాను. హెల్మెట్‌లో నల్లబడడం లేదు. మోసపోయానా?

లేదు. ఆ అద్దాలు నల్లబడేది ఎండలోని అతినీలలోహిత కిరణాలకు. హెల్మెట్ వైజర్ పాలీకార్బొనేట్‌ది, అది ఆ కిరణాలను ముందే ఆపేస్తుంది. వైజర్ ఎత్తితే నల్లబడతాయి, దించితే లేదు. బండి కోసమే అయితే వాటికి అదనపు డబ్బు పెట్టకండి. లోపలి నల్ల వైజర్ ఉన్న హెల్మెట్ మేలు. రోడ్డు, నీళ్ళ మీది మెరుపును ఆపే పోలరైజ్డ్ నల్ల అద్దాలతో మరో చిక్కుంది. వాటిలోంచి చూస్తే వైజర్ మీద ఇంద్రధనుస్సులాంటి చారలు కనపడవచ్చు, కొన్ని బళ్ళ డిజిటల్ మీటరూ ఫోను తెరా నల్లగా అయిపోతాయి. చీకటి పడ్డాక ఏ రకం నల్ల అద్దమూ పనికిరాదు.

చత్వారం జోడు పెట్టుకుని బండి నడపొచ్చా?

చదవడానికి మాత్రమే ఇచ్చిన జోడైతే నడపకూడదు. నలభై దాటినవాళ్ళలో ఇది నిజంగా ప్రమాదకరమైన పొరపాటు, దీని గురించి ఎవరూ హెచ్చరించరు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు కార్యక్రమంలో ఎంతోమందికి ఉచితంగా చదివే జోళ్ళు అందాయి. పేపరు చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి అవి ఎంతో మేలు చేశాయి. కానీ అవి దగ్గరి చూపుకు. అవి పెట్టుకుంటే దూరం మసకబారుతుంది, ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతుంది. మీ నాన్నగారో, బాబాయో "కళ్ళజోడు ఉందిలే" అని అదే పెట్టుకుని బండి తీస్తున్నారేమో ఒకసారి చూడండి.

కిందిభాగంలో చదివే పవర్ ఉండే బైఫోకల్, ప్రోగ్రెసివ్ జోళ్ళతో నడపొచ్చు. ఒక్క జాగ్రత్త: చెంప ప్యాడ్లు ఫ్రేమును కిందినుంచి పైకి నెడతాయి. రెండు మూడు మిల్లీమీటర్లు ఎగిసినా చదివే పవర్ రోడ్డు కనపడే చోటికి వచ్చేస్తుంది, ముందు పదడుగుల రోడ్డు అలలుగా కనిపిస్తుంది. హెల్మెట్ పెట్టుకున్నాక ఫ్రేము ఎంత లేచిందో షాపులో చూపించి ముక్కు ప్యాడ్లు సర్దించుకోండి. ఎక్కువ దూరాలు తిరిగేవాళ్ళు దూరపు చూపుకు మాత్రమే ఒక జోడు విడిగా చేయించుకోవడం మంచిది.

నాకు సైటు తక్కువే. హెల్మెట్ ఉన్నంతసేపు కళ్ళజోడు తీసేయనా?

లైసెన్సు కోసం నింపే ఫారం-1లో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును, అవసరమైతే కళ్ళజోడుతో, ఒక్కో కంటితో గుర్తుపట్టగలరా అని. మీ వీధిలో ఆగిన కారుకు ముప్ఫై పైచిలుకు పెద్ద అంగల దూరంలో కళ్ళజోడు లేకుండా నిలబడి చూడండి. చదవలేకపోతే ప్రశ్నకు జవాబు దొరికినట్టే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. గుంతను ఒక సెకను ఆలస్యంగా చూశామంటే అప్పటికే అందులో పడ్డామన్నమాట. రాత్రి పూట కనుపాప పెద్దదవుతుంది కాబట్టి పగలు పట్టించుకోని చిన్న సైటు కూడా అప్పుడు ఇబ్బంది పెడుతుంది.

కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోంది. హెల్మెట్‌లో చెయ్యి పెట్టి ఎలా సర్దుకోను?

నడుస్తున్న బండి మీద సర్దుకోకండి, పక్కకు ఆపండి. జారడం చిన్న విషయం కాదు. మైనస్ 8 ఉన్నవారికి అద్దం కంటికి 5 మిల్లీమీటర్లు దూరం జరిగితే పవర్ సుమారు 0.3 తగ్గినట్టే. మే నెల ఎండలో చెమటకు అందరికీ జారుతుంది. సిలికాన్ ముక్కు ప్యాడ్లు వేయించి, అవి పసుపుపచ్చగా మారి జిడ్డెక్కగానే మార్చండి. బయల్దేరే ముందు ముక్కునూ ఫ్రేమునూ సబ్బుతో కడిగితే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. తల మీద పలుచని నూలు టోపీ పెట్టుకుంటే చెమట కళ్ళలోకి దిగదు. దాని అంచు మడత కాడ కిందికి రాకుండా చూసుకోండి, ఆ మడతే గంట తర్వాత గుచ్చుతుంది.

చున్నీ చుట్టుకుని, పైన హెల్మెట్ పెట్టుకుంటాను. కళ్ళజోడు అసలు నిలవదు.

మా చెల్లెలి బాధ కూడా ఇదే. ముఖానికి చుట్టిన చున్నీ ఊపిరిని నేరుగా పైకి, అద్దాల మీదికి పంపుతుంది. పైగా చెవుల దగ్గర రెండు మూడు పొరలవుతుంది, వెనక ముడి హెల్మెట్‌ను ముందుకు తోస్తుంది. హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పడితే కాపాడదు కూడా. దుమ్ము, ఎండ కోసమైతే మెడ నుంచి ముక్కు దాకా వచ్చే పలుచని సాగే గొట్టం గుడ్డలు దొరుకుతున్నాయి. వాటికి ముడి ఉండదు, ముక్కు కిందికి లాగితే ఊపిరి కిందికే పోతుంది. మూసి ఉండే హెల్మెట్‌లో వైజర్ దించుకుంటే దుమ్ముకు ఆ గుడ్డ కూడా అక్కర్లేదు. జడ మెడ దగ్గర కిందికి వేసుకోవాలి. క్లిప్పులు, గట్టి హెయిర్‌బ్యాండు తీసేయాలి. కాడ నొప్పి అనుకున్నది చాలాసార్లు చెవి పైన పెట్టిన పక్కపిన్ను నొప్పే అవుతుంది.

కాంటాక్ట్ లెన్సులకు మారిపోతే ఈ గొడవ ఉండదు కదా?

ఉండదు, వేరే గొడవ ఉంటుంది. వైజర్ సందులోంచి వచ్చే గాలికి కళ్ళు ఎండిపోతాయి, దుమ్ము రేణువు లెన్సు కింద దూరితే బండి అక్కడికక్కడ ఆపాల్సిందే. పెట్టుకుంటే వైజర్ మూసి నడపండి, ఒక్కరోజు వాడి పారేసే రకం మేలు, సంచిలో కళ్ళజోడు తప్పక ఉంచుకోండి. కంటి డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి.

వానలో రెండు అద్దాలూ తడిస్తే?

వైజర్ పూర్తిగా మూసి ఉంటే కళ్ళజోడు తడవదు. ఆవిరి భయంతో వైజర్ ఎత్తినవాళ్ళకే రెండూ తడుస్తాయి. అందుకే ముందు ఆవిరి సంగతి చూసుకోమన్నాను. గీతలు పడ్డ పాత వైజర్ వాన రాత్రి ఎదురు లైటుకు మొత్తం తెల్లగా వెలుగుతుంది. కొత్తది హెల్మెట్ ధరతో పోలిస్తే చాలా తక్కువ, మార్చేయండి. దుమ్ము పట్టిన అద్దాన్ని పొడిగా చొక్కా అంచుతో తుడవకండి. ముందు నీళ్ళు పోసి, తర్వాత మెత్తని గుడ్డ.

కళ్ళజోడు ఉన్న పిల్లల సంగతి?

నాలుగేళ్ళు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరని చట్టం చెబుతోంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి హెల్మెట్‌తో పాటు, పిల్లల్ని బండి నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ కూడా కావాలి, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. పిల్లలు నొప్పిని నొప్పి అని చెప్పరు, "నాకొద్దు" అంటారు. విసుక్కోకుండా చెవి వెనక ఎర్రగీత ఉందేమో చూడండి. వాళ్ళకు పాలీకార్బొనేట్ అద్దాలు, మెత్తని కాడలే వేయించాలి. పెద్దవాళ్ళ హెల్మెట్‌లో గుడ్డ కుక్కి ఇవ్వకండి.

ప్రమాదంలో పడినవాళ్ళకు కళ్ళజోడు, హెల్మెట్ రెండూ ఉంటే ఏం చేయాలి?

ముందు 108కి ఫోన్ చేయండి. మనిషి బాగానే ఊపిరి తీసుకుంటుంటే హెల్మెట్ తీయకండి, మెడ ఎముక దెబ్బతిని ఉండవచ్చు. వైజర్ ఎత్తి, కళ్ళజోడు తిన్నగా ముందుకు లాగి తీసేయండి, పట్టీ వదులు చేయండి. ఊపిరి ఆడకపోతే, వాంతి అవుతుంటే మాత్రమే హెల్మెట్ తీయాల్సి వస్తుంది, దానికి ఇద్దరు కావాలి. ఒకరు మెడనూ తలనూ కదలకుండా పట్టుకోవాలి. రెండోవారు హెల్మెట్ పక్కలను వెడల్పు చేస్తూ మెల్లగా లాగాలి. కళ్ళజోడు అప్పటికే తీసేసి ఉండాలి, లేకపోతే హెల్మెట్ దానికి తగులుకుని మెడను ఊపేస్తుంది. తీసిన జోడు విరిగినా సరే ఆ మనిషి జేబులోనే పెట్టి పంపండి. ఆస్పత్రిలో కళ్ళు తెరిచాక, ఎదురుగా ఉన్నదెవరో పోల్చుకోవడానికి మాలాంటివాళ్ళకు మొదట కావలసింది అదే.